ఇంతకుముందు లేని పని

మైదుకూరులో ఆ ఆఫీసు మేడ మీద ఉంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు దేవునికి వందనాలు చెప్పుకుంటూ ఎక్కాను. దిగేటప్పుడు ఆ మాట నోటికి రాలేదు. మధ్యలో నేను చేసింది ఒక్క సంతకం.

కాగితం తెలుగులోనే ఉంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి వీల్లేదు. ‘ఈ ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఏ పనీ లేదు. ఈ పని మా గ్రామంలో ఇంతకుముందు లేదు.’ రెండే వాక్యాలు. కింద సంతకానికి ఒక గీత. నా పక్కన మా మహిళా సంఘం లీడరు నిలబడి ఉంది. వయసులో నాకంటే చిన్నదే అయినా ఊరంతా ఆమెను అక్కా అనే పిలుస్తుంది, నేనూ అంతే. రెండో వాక్యం దగ్గర నా పెన్ను ఆగడం ఆమె చూసింది.

“ఏం చదువుతాండావు అంతసేపు? పెట్టు.”

“అక్కా, ఈ పని నేను ముందు నుంచీ చేస్తానే ఉండా గదా.”

“అది సేవ మే. ఇది ఉద్యోగం. సేవకు జీతం ఉంటాదా? జీతం లేనిది పని యాడయితాది? పెట్టు, వెనకాల శానా మంది ఉండారు.”

నిజమే, వెనకాల చాలామంది ఉన్నారు. డిగ్రీ చదివిన ఆడపిల్లలు సర్టిఫికెట్లను ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని గోడవారగా నిలబడ్డారు. వాళ్లలో ఎవరికైనా ఈ కాగితం దొరికితే ఇలా నీళ్లు నమలరు అనిపించింది. సంతకం పెట్టేశాను.

ఆ పథకం మంచిదే. ఇప్పటికీ అదే అంటాను. పని లేనివాళ్లకు సొంత ఊళ్లోనే కొత్త రకం ఉద్యోగాలు పుట్టించాలని ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోంది. అంగడి పెట్టుకోవడానికో గొర్రెలు కొనుక్కోవడానికో కాదు, మనిషి మనిషికి చేసే పనికి. మా సంఘం అడిగింది మంచాన పడ్డ ముసలివాళ్ల పని. వాళ్లకు ఒళ్లు కడగడం, వేళకు మందులు ఇవ్వడం, బీపీ చూడటం, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం. మొదటి ఏడాది జీతమంతా ప్రభుత్వం పెట్టుకుంటుంది, రెండో ఏడాది సగం. ఆ తర్వాత సంఘమే ఆ ఉద్యోగాన్ని నిలబెట్టుకోవాలి. పని కొత్తదై ఉండాలి, చేసే మనిషి ఖాళీగా ఉన్నదై ఉండాలి. షరతు అదే.

ఖాళీగా! ఆ మాట బస్సులో ఊరొచ్చేదాకా నన్ను కూర్చోనివ్వలేదు. సీటు ఖాళీ ఉన్నా నిలబడే వచ్చాను.

నా చదువు గురించి కూడా ఆ ఆఫీసులో కాస్త తిరకాసు అయింది. ‘చదువు’ అన్న గడిలో ‘ఇంట్లో’ అని రాశాను. గుమాస్తా తలెత్తి, “ఇంట్లో అంటే ఏ స్కూలమ్మా?” అన్నాడు. “మా అమ్మ సార్,” అన్నాను. అతను నవ్వకుండా ఒక పేజీ తీసి చదవమన్నాడు. గడగడా చదివాను. టిక్కు పెట్టుకున్నాడు.

మా అమ్మ రోజంతా చెనిక్కాయ చేలల్లో కూలి చేసి వచ్చేది. నేను మేకల వెంట తిరిగే పిల్లను. సాయంత్రం మేం కూర్చునే చోట నల్లటి కడప బండ పరిచి ఉండేది. అమ్మ వేలు నీళ్లలో ముంచి దాని మీద అక్షరం రాసేది. ఎండాకాలం ఆ బండ వేడికి తడి ఎంతసేపు నిలుస్తుంది? ఆరేలోపు చదవాలి. చదవలేకపోతే మళ్లీ రాసేది కాదు, తర్వాతి అక్షరానికి పోయేది. అలా నేర్చిన దాన్ని గనక ఏ కాగితమైనా ఆత్రంగా చదివేస్తాను, మాయమైపోతుందేమో అన్నట్టు. ఆ రోజు చదివిన రెండు వాక్యాలు మాత్రం మాయం కాలేదు.

నేను అబద్ధానికి ఎందుకు సంతకం పెట్టానో కూడా చెప్పాలి. మా ఆయన పద్దెనిమిదేళ్లు బండల ఫ్యాక్టరీలో పాలీషు పని చేశాడు. రాతిదుమ్ము మెల్లగా ఊపిరితిత్తుల్లో చేరింది. కడపలో డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని చూసి, ఇంక ఆ గేటు తొక్కొద్దన్నాడు. మాకున్న రెండెకరాలు వాన మీద ఆధారం. వాన సంగతి ఈ సీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేను కూలికి పోయే రోజుల్లో ఇల్లు నడిచేది, పోని రోజుల్లో నడిచేది కాదు. నెలనెలా వచ్చే జీతం అనేది మా ఇంట్లో ఆయన ఫ్యాక్టరీ మానిన రోజుతో ఆగిపోయింది. ఆ సంతకం పడితే మళ్లీ వస్తుంది. పడకపోతే రాదు.

ఇక ఆ పాత పని ఎలా మొదలైందంటే, మా చర్చిలో స్త్రీల కూడిక ఉంది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు పోయి ప్రార్థన చేసి రావడం అమ్మల కాలం నుంచి వస్తున్న అలవాటు. ఒకరోజు మా పేటలోనే ఉండే పెద్దమ్మ ఇంటికి పోయాం. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ప్రార్థన అయ్యాక అందరూ లేచారు. ఆమె పక్కబట్ట వాసన వేస్తోంది. నేను లేవలేకపోయాను. ఇంటికి పోయి రెండు బిందెల నీళ్లు కాచి తెచ్చాను. ఆ రోజు నుంచి వారానికి రెండు తూర్లు ఆమెకు స్నానం నాదే.

ఆ సంగతి పై వీధికి ఎక్కింది. అక్కడ పెద్ద రైతుల ఇంట్లో ఒక అవ్వ తుంటి ఎముక విరిగి మంచానికే పరిమితమైంది. కొడుకు, కోడలు మంచివాళ్లే గానీ ఇద్దరికీ నడుము నొప్పులు, పైగా పొలం, ట్రాక్టరు, పాలకేంద్రం. కోడలు మనిషిని పంపించి అడిగింది, నేను పోయాను. మొదటిరోజు నన్ను పెరటి వైపు నుంచి రమ్మన్నారు. వచ్చాను. బాధ పడలేదని చెప్తే అదీ అబద్ధమే అవుతుంది. కానీ లోపలికి పోయాక అవ్వ నా చేయి పట్టుకుని మంచం మీద నుంచి లేచింది. పైవీధి అవ్వ మా పేట మనిషి మెడ చుట్టూ చేయి వేసి నడవడం మా అమ్మ చూసి ఉంటే బాగుండేది అనుకున్నాను. ఎవరిని ఎక్కడ ఎలా కలపాలో దేవునికి తెలుసు.

అలా ఆరేళ్లు. ఊరికే. కోడలు సీజను వచ్చినప్పుడు చెనిక్కాయలో పసుపు కొమ్ములో ఒళ్లో పోసేది. నేను అడిగింది ఎన్నడూ లేదు.

పద్ధతి ఒకటే. బాత్రూములో బండ మీద అవ్వను కూర్చోబెట్టి, చీర తీసి పలచటి తువ్వాలు చుట్టి, బకెట్లో నీళ్లు కలిపి, ఆమె తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసేదాన్ని. ఏ పని అయినా ప్రార్థనతో మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది. అవ్వ మా మతం కాదు. అయినా ఏనాడూ వద్దనలేదు. కళ్లు మూసుకుని కూర్చునేది. ఆ నిశ్శబ్దం నాకు ఎంతో గొప్పగా ఉండేది.

సంతకం అయ్యాక పదిహేను రోజులు కడపలో ట్రైనింగు ఇచ్చారు. మెడలో కార్డు, భుజాన సంచి, సంచిలో బీపీ మిషను, చేతి తొడుగులు. ఐదిళ్లు నా వంతు. పెద్దమ్మ, అవ్వ పాతవాళ్లు. రోడ్డు అవతలి పల్లెలో మూడిళ్లు కొత్తవి. రోజూ పొద్దున ఫోను ముందు ముఖం పెట్టి కళ్లు ఆర్పితే హాజరు పడుతుంది. మా ఆయన ఆ కళ్లు ఆర్పడం చూసి పకపకా నవ్వాడు, నవ్వి దగ్గాడు.

“ఉద్యోగస్తురాలు పోతాండాది, పక్కకు జరగండబ్బా!” అని కోళ్లను తోలేవాడు.

కార్డు మెడలో పడ్డాక అవ్వ ఇంటి కోడలు, “ముందు వాకిట్లో నుంచే రా మే, సంచి బరువుగా ఉంటాది,” అంది. సంచి అంత బరువేం కాదు. ఆమె మర్యాదకు నాలో నేనే దండం పెట్టుకున్నాను.

మొదటి జీతంతో ఆయనకు పీల్చే మందు ఒకేసారి రెండు నెలలకు తెచ్చాను. వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని దేవునికి కృతజ్ఞతలు చెప్పబోయాను. ‘తండ్రీ, నువ్విచ్చిన ఈ పని కోసం’ అనగానే ‘ఈ పని మా గ్రామంలో ఇంతకుముందు లేదు’ అన్న వాక్యం అడ్డం పడింది. లేచి పోయి వాకిలి ఊడ్చాను. అప్పుడే ఊడ్చి ఉన్న వాకిలి అది.

ఆ నెలల్లో నాకు నిలకడ లేదు. చర్చిలో పాట మధ్యలో లేచి బయట చెప్పులు సర్దేదాన్ని. అవతలి పల్లెకు పొయ్యే ఆటో కోసం అరగంట ముందే రోడ్డు మీదికి వచ్చి, ఆగలేక నడిచి పోయేదాన్ని. బీపీ మిషను మా ఆయన చేతికి కట్టాల్సింది పోయి నా చేతికే కట్టుకుని చూసుకున్నాను ఒకసారి. ఆయన చూసి, “నీకు ఉద్యోగం పడలేదు మే, ఉద్యోగానికి నువ్వు పడినావు,” అన్నాడు.

ఐదో నెలలో లీడరక్క వాకిట్లోకి వచ్చి కూర్చుంది. నీళ్లు ఇస్తే తాగకుండానే మొదలుపెట్టింది.

“శుక్రవారం సారు వస్తాండాడు. ఇండ్లిండ్లకు వచ్చి అడుగుతాడంట. ఈ పని నిజంగా కొత్తదా, లేకుంటే పాతపనికే కొత్త పేరు పెట్టినారా అని. యాడనో ఎవరో పాత పనోల్లనే చూపించి జీతం తీసుకున్నారంట. అందుకని అందర్నీ తనిఖీ చేస్తాండారు.”

“ఏం అడుగుతాడు?”

“ఇంతకుముందు నువ్వేం చేస్తాంటివి అంటాడు. ఇంట్లో ఖాళీగా ఉంటిని అను. అంతే. ఆ నోటి నుంచి ఇంకో మాట రాకూడదు.”

“ఖాళీగా ఎప్పుడుంటినక్కా?”

“మే, నీకు దండం పెడతా. నీ ఒక్కదాని జీతం కాదిది. సంఘం పేరు పోతాది. ముందు ముందు ఇంకో ఇద్దరికి ఇట్లాంటి పని అడగాలని ఉండాది నాకు. ఆ డిగ్రీ పిల్లలను చూస్తివి గదా? నువ్వు నోరు జారితే వాల్లకు కూడా లేకుండా చేస్తావు.”

అది నిజంగా నన్ను తాకింది. నా అబద్ధం నా ఒక్కదానిదైతే తేలిగ్గా దించుకోవచ్చు. ఆమె పోయాక మా ఆయన మంచం మీదే ఉండి, “ఏం చెప్తావు?” అని అడిగాడు.

“తెలియదు.”

“మందులు ఇంకా నెలకుండాయిలే.” అంతే అన్నాడు. నిజం చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. పొయ్యి మీద సంగటి కట్టెతో కలుపుతూ కలుపుతూ చేయి ఆపడం మరచిపోయాను. అడుగు మాడింది.

శుక్రవారం ఆ సారు మొదట అవ్వ ఇంటికే వచ్చాడు. కుర్రవాడు, ముప్పై లోపే ఉంటాడు. చేతిలో ట్యాబు. లీడరక్క దారి చూపిస్తూ ముందు నడిచింది. అవ్వను నడవలో మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. అప్పుడే స్నానం అయింది, తలకు తువ్వాలు చుట్టి ఉంది. కోడలు గ్లాసుతో మజ్జిగ తెచ్చింది.

అవ్వ అతన్ని పైనుంచి కిందికి చూసింది. “ఏ ఊరప్పా మీది?”

“ఆదోని పక్క అవ్వా.”

“అదీ. మాట అట్లుండాది. పెండ్లయిందా?”

“ఇంకా లేదవ్వా.”

“ఉద్యోగం ఉండి కూడానా! ఏం రోగం?”

అతను నవ్వేశాడు. లీడరక్క కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అతను ట్యాబు తెరిచి నా వైపు తిరిగాడు.

“అమ్మా, నువ్వు ఈ పనిలో చేరకముందు అవ్వకు స్నానం ఎవరు చేయిస్తుండిరి?”

నేను నోరు తెరిచేలోపలే కోడలు, “మేమే సార్, ఇంట్లోవాల్లమే,” అంది. నన్ను కాపాడాలనే అంది పాపం. లీడరక్క ఊపిరి వదలడం నాకు వినపడింది. ఇక నేను ఊరుకుంటే చాలు. ఊరుకోవడం కూడా అబద్ధమేనా అని లోపల వాదించుకున్నాను. అతను అప్పటికే ఏదో నొక్కుతున్నాడు.

“నేనే సార్,” అన్నాను. “ఆరేండ్ల నుంచి నేనే చేయిస్తాండా.”

అతని వేలు ఆగింది. కోడలు ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఆమె ముఖం నేను చూడలేదు, చూసే ధైర్యం లేకపోయింది. నిజం చెప్పినందుకు ఒక మంచి మనిషి తల వంచుకుని పోయింది.

“దుడ్లు ఏమన్నా ఇస్తుండిరా?”

“లేదు సార్. ఊరికే. చర్చి తరఫున.”

“మరి సంతకం పెట్టినావు కదమ్మా, ఈ పని ఇంతకుముందు లేదని?”

“పెట్టినాను సార్. తప్పే.”

లీడరక్క అందుకుంది. “సార్, అది వారానికి రెండు దినాలు. సేవ సార్ అది. ఇది పొద్దుమాపు. దానికీ దీనికీ...”

“ఆమెను చెప్పనీ అమ్మా.” అతను ట్యాబు ఒళ్లో పెట్టుకున్నాడు. కోపంగా లేడు. ఇబ్బందిగా ఉన్నాడు. “పాత పనికి ఇవ్వకూడదని మాకు గట్టిగా చెప్పినారు. ఇందులో కొత్తది ఏముందో నాకు చెప్పండి, నేను రాసుకుంటా.”

బీపీ మిషను అన్నాను. చేతి తొడుగులు అన్నాను. ఆ మాటలు నాకే నవ్వు తెప్పించేలా ఉన్నాయి.

“నేను చెప్తా రాసుకో,” అంది అవ్వ.

అందరం ఆమె వైపు తిరిగాం.

“ముందు ఈమె ఎప్పుడొస్తాదో నాకు తెల్దు. బుధవారం అంటాది, కూలి తగిలితే శుక్రవారం వస్తాది. నేను వాకిలి పక్క చూస్తా ఉండేదాన్ని. ఎందుకు రాలేదే అని అడగొచ్చునా? ఊరికే వచ్చేదాన్ని ఎట్ల అడుగుతా? ఇప్పుడు ఏడున్నర దాటితే అడుగుతా. మొన్న అడిగినా కూడా. అడిగినానా లేదా?”

“అడిగినావవ్వా,” అన్నాను.

“అదొకటి. ఇంకోటి ఉండాది. చెప్పేదా?” ఆమె నా ముఖంలోకి చూసింది. “బండ మీద కూర్చోబెడతాది. ఒంటి మీద ఇంత తువ్వాలు. నీల్లు కలిపి పెట్టి, నెత్తిన చేయి పెట్టి కండ్లు మూసుకుంటాది. ఇంక చూడు! లోకంలో ఉండేవాల్లందర్నీ అడుగుతాది ఆ దేవున్ని. మొగున్ని, పిల్లల్ని, వానల్ని. ఈలోపల బకెట్లో నీల్లు సల్లారిపోతాయి. కింద బండ మంచుగడ్డ. నేను పండ్లు గట్టిగా కరుచుకుని కూర్చుంటా. ఆరు సలికాలాలు, నాయనా! ధర్మానికి వచ్చేదాన్ని ఏమంటాం? అంటే మల్లా రాకపోతే?”

లీడరక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సారు తల వంచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి.

నేను నవ్వలేదు. ఆమె మూసుకున్న కళ్లనూ ఆ మౌనాన్నీ నేను ఇంటికి తీసుకుపోయి మా ఆయనకు చెప్పేదాన్ని. పైవీధి అవ్వ నాతోపాటు ప్రార్థనలో ఉంటుందని కూడికలో సాక్ష్యం చెప్పాను ఒకసారి. ఆమె చలికి వణుకుతోందన్న మాట.

“జీతం వచ్చినాక మీరు చెప్పినారా ఆమెకు?” సారు అడిగాడు.

“ఇప్పుడే గదప్పా చెప్తాండా. ఐదు నెల్లయింది, ఈమెది ఉద్యోగమని మనసుకు పట్టేదానికి. రాసుకో. ముందర నేను నోరు మూసుకుని పోయించుకుంటాంటి, ఇప్పుడు తెరుస్తా అని రాసుకో.”

అతను నిజంగానే ఏదో రాసుకున్నాడు. చాలాసేపు రాశాడు. తర్వాత పెద్దమ్మ ఇల్లు, అవతలి పల్లె మూడిళ్లు చూసి వెళ్లిపోయాడు. ఏం తేలుతుందో చెప్పలేదు. “పైకి పంపిస్తానమ్మా,” అన్నాడంతే. లీడరక్క నాతో మాట్లాడకుండా స్కూటీ ఎక్కి పోయింది.

ఇంటికి వచ్చి మా ఆయనకు జరిగిందంతా చెప్పాను. ఉద్యోగం పోవచ్చన్న మాట దగ్గర ఆయన తల ఊపాడు. చలి సంగతి దగ్గర మాత్రం గట్టిగా నవ్వాడు.

“నవ్వుతావేమయ్యా!”

“లేదు మే, పెండ్లయిన కొత్తలో నువ్వు అన్నం ముందర కూడా అంతసేపు చేస్తాంటివి. నేను చెప్పలేదు గానీ, సంగటి సల్లారి గట్టిపడిపోతాండె.”

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంకెంతమంది ఎన్ని దాచుకున్నారో! మర్నాడు పెద్దమ్మ దగ్గర తుండు పిండుతూ అడిగాను: “పెద్దమ్మా, నేను చేసేదాంట్లో నీకు ఇబ్బందయ్యేది ఏమన్నా ఉండాదా? నిజం చెప్పు.”

“ఏముంటాది తల్లీ! దేవుడు పంపిన బిడ్డవు. అంతా బాగుండాది.”

అంతకుముందైతే ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఆ రోజు నమ్మలేదు. ఆమె ముఖం, వేళ్లు, పడిపోయిన చేయి పట్టి పట్టి చూశాను. ఎక్కడో ఏదో ఉంటుంది. నూనె ఎక్కువ పెడుతున్నానా? కుడి పక్క తిప్పినప్పుడు నొప్పా? ఆమె నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు వెనకాల ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు.

అవ్వ దగ్గర ప్రార్థన మానేశాను. వాకిలి బయటే రెండు మాటలు అనుకుని లోపలికి పోయేదాన్ని. నీళ్లు ఆమె మోచేతి మీద పోసి చూసి, చాలంటేనే పోసేదాన్ని. ఆమె తనిఖీ రోజు చెప్పినట్టే నోరు తెరిచింది. సబ్బు కళ్లలో పడిందని, వీపు సరిగా రుద్దలేదని, చెవుల వెనక తడి ఉందని. కోడలు నాతో ముక్తసరిగా మాట్లాడేది. పది రోజులకు నేనే వంటింటి గడప దగ్గర నిలబడి, “ఆ పొద్దు నీ మాట కాదన్నందుకు ఏమనుకోవద్దుమ్మా,” అన్నాను. ఆమె పాలు కాస్తూ, “నువ్వు చెప్పింది నిజమే గదా మే,” అంది. పోయేటప్పుడు కాఫీ ఇచ్చింది.

నెల తిరిగేలోపు కాగితం వచ్చింది. లీడరక్క దాన్ని చేతికివ్వకుండా తనే చదివింది. అవతలి పల్లెలో మూడిళ్లు కొత్త పని కిందికే వస్తాయి, వాటికి సబ్సిడీ కొనసాగుతుంది. మా ఊళ్లో రెండిళ్లు పాత పని, వాటిని తీసేశారు. జీతం ఆ మేరకు తగ్గుతుంది. సంఘం పేరు మీద మచ్చ వేయలేదు. ఇంకో ఇద్దరికి పెట్టుకున్న అర్జీ అలాగే ఉంది.

“బతికించినాడు ఆ సారు,” అంది లీడరక్క. చాలా రోజుల తర్వాత నా పక్కన కూర్చుని నీళ్లు తాగింది. “ఈ రెండిండ్లకు ఇంక నీ ఇష్టం. మునుపటి లెక్కనే వారానికి రెండు దినాలు ఊరికే పో. ఎవరొద్దంటారు.”

దేవునికి స్తోత్రం అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ మా ఆయన మందులు, బియ్యం, కరెంటు బిల్లు లోపల గిరగిరా తిరుగుతున్నాయి. పెద్దమ్మ దగ్గరికి ఎలాగూ ఊరికే పోతాను. కూర్చోలేక చెప్పులేసుకుని నేరుగా పై వీధికి నడిచాను.

అవ్వకు సంగతి చెప్పాను. “నీ ఇల్లు తీసేసినారవ్వా. ఏం పర్వాలేదులే. నేను ముందు మాదిరి ఊరికే వస్తా. బుధవారం, శనివారం.”

“వద్దు,” అంది.

సరిగా వినలేదేమో అనుకున్నాను. “ఊరికేనవ్వా.”

“వినపడింది. ఊరికే వద్దంటాండా. ఊరికే వస్తే మల్లా నేను నోరు మూసుకోవల్ల. నా వల్ల కాదింక. ఒకతూరి రుచి మరిగినా.” ఆమె నడవలోంచి గట్టిగా పిలిచింది. “అబ్బీ! రారా ఇట్ల!”

కొడుకు లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. అరవై దాటిన మనిషి, అవ్వ ముందు ఇంకా చిన్నపిల్లవాడిలా నిలబడతాడు.

“గవర్నమెంటు ఈమెకు ఇచ్చేది మన ఇంటికి ఆపేసినారంట. నువ్వియ్యి.”

“ఎంతమ్మా?”

“వాల్లెంత ఇస్తాండిరో అంత. బర్రెలు కడిగేవానికి ఇస్తావు గదా, అమ్మను కడిగేదానికి ఇయ్యలేవా?”

అతను తల గోక్కుని నా వైపు చూశాడు. “దినామూ రావల్ల మల్ల. ట్రాక్టరు డ్రైవరు మాదిరి మానేదుంటే కుదరదు,” అన్నాడు.

“వస్తానన్నా,” అన్నాను. దేవుని పేరు మీద చేసే పనికి ఒక ఇంటివాళ్ల చేతుల నుంచి డబ్బు తీసుకోవడం నాకు అలవాటు లేదు. ప్రభుత్వం ఇస్తే బ్యాంకులో పడేది, ఎవరి ముఖమూ కనిపించేది కాదు. ఇది వేరు. మా అమ్మ ఉంటే ఏమనేదో అని ఒక్క క్షణం తడబడ్డాను. ఆ క్షణంలో అవ్వ తన షరతులు మొదలుపెట్టింది.

“ఏడుకంతా రావల్ల, ఏడున్నర కాదు. కింద బండ మీద పీట వేయి. నీల్లు నేను చాలన్నాకే. అర్థమైందా?”

“అయిందవ్వా.”

“ఇంకోటి. ప్రార్థన యాడికి పోయింది? నెల దినాల నుంచి చేయకుండా ఉండావు.”

“నీకు సలి అని మానుకున్నానవ్వా.”

“మానుకోమని ఎవరన్నారు? బట్ట లేకుండా కూర్చోబెట్టి చేయొద్దంటి. ముందు నా తల తుడువు. చీర కట్టు. దుప్పటి కప్పు. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినంత సేపు చేసుకో.”

మర్నాడు ఏడుకే పోయాను. పీట వేశాను. నీళ్లు మూడుసార్లు మార్చమంది, మార్చాను. వీపు రుద్దేటప్పుడు గట్టిగా అంది, మెల్లగా అంది, మళ్లీ గట్టిగా అంది. తల తుడిచి, చీర కట్టి, మంచం మీదికి చేర్చి దుప్పటి కప్పాను. అప్పుడు ఆమె తల మీద చేయి పెట్టి కళ్లు మూసుకున్నాను. మా ఆయన ఊపిరి, పెద్దమ్మ చేయి, ఆ సారు పెళ్లి, మైదుకూరులో గోడవారగా నిలబడ్డ పిల్లలు, ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. మధ్యలో భయమేసి కళ్లు తెరిచాను. అవ్వ నన్నే చూస్తోంది.

“అయిందా?”

“ఇంకా లేదవ్వా.”

“కానీయి. నాకేం తొందర. వెచ్చగా ఉండా.”